మూసిన నీళ్ళు

బ్రాన్విన్ తప్పేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా "ఆ తెల్లావిడ వచ్చి పోయాకే కదా ఇదంతా" అంటే నేను చాప మీది నుంచి లేచి బయటికి వెళ్ళిపోతాను. వాళ్ళతో వాదించే మొహం నాకు లేదు, వింటూ కూర్చునే ఓపికా లేదు.

ఆవిడ హోబార్ట్‌లో బడిపంతులమ్మ. ఒక గురువారం పొద్దున సరుకుల పడవలో మా దీవికి వచ్చింది. వచ్చేపోయేవాళ్ళ కోసం నేనూ నా భర్త సకియాసీ మా ఇంటి పక్కన ఒంటిగది పాక ఒకటి కట్టాం. విమానాలు దిగే నాండి పట్నంలో పదకొండేళ్ళు హోటల్ గదులు ఊడ్చినదాన్ని కాబట్టి నాకు ఇంగ్లీషూ వచ్చు, టూరిస్టుల సంగతీ తెలుసు. రోజుకు మూడు తువ్వాళ్ళు మార్పించుకుని, మీ దీవి ఎంత స్వచ్ఛంగా ఉందో అని మురిసిపోయి, పోతూ పోతూ సంచీ నిండా గవ్వలూ పగడం ముక్కలూ ఎత్తుకుపోయే జాతి అది. బ్రాన్విన్ ఆ జాతి కాదు. పడవ దిగుతూనే టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఊళ్ళో టోపీ పెట్టుకుంటే పెద్దలను అవమానించినట్టని ఎక్కడో చదువుకుని వచ్చిందట. మోకాళ్ళ కిందికి లుంగీ, భుజాల మీద కండువా. తాగే నీళ్ళకు తన సీసా తనే తెచ్చుకుంది. ఎండకు ఒంటికి రాసుకునే పూత పగడాలకు హాని చెయ్యనిదట, డబ్బా తిప్పి నాకు చదివి వినిపించింది. తన చెత్తంతా తనే సంచీలో వేసుకుని వెనక్కి పట్టుకుపోతానంది.

"ఈవిడని మనింట్లో ఉంచేసుకుని నిన్ను ఆ పడవెక్కించేద్దామే ఉలమీలా" అంది మా అత్తయ్య టిటీలియా, సకియాసి తల్లి. అని, నవ్వింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. అరవై ఎనిమిది రోజుల్లో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

అరవై ఎనిమిది రోజులంటే, సకియాసి పోయినప్పటి నుంచి.

ఆయన మా ఊరి చేపలవాళ్ళకు పెద్ద. ఊరి ముందున్న పగడాల గట్టుకు ఒకచోట గండి ఉంది, పోటు నీరు వచ్చేదీ పాటు నీరు పోయేదీ అందులోంచే. ఒక మధ్యాహ్నం లంగరు ఆ గండి రాళ్ళల్లో ఇరుక్కుపోతే విడిపించడానికి దిగాడు. లంగరు విడివడి పైకి వచ్చింది. మనిషి రాలేదు. నాలుగు రోజులు వెతికారు. అయిదో రోజు ఒక చాపలో ఆయన ఆదివారం చొక్కా, బైబిలు పెట్టి చుట్టి, దాన్నే పాతిపెట్టారు. నేనూ అందరితో పాటు ఆ గోతిలో మట్టి వేశాను. చొక్కా మీద మట్టి వేస్తున్నానన్న సంగతి నాకు ఒక్క క్షణం కూడా మరుపు రాలేదు.

చేపల పెద్ద పోతే ఆయన పేరు మీద మా ఊళ్ళో కొంత సముద్రాన్ని మూసేస్తారు. దాన్ని తంబు అంటాం. గట్టు అంచున కర్ర పాతి ఎర్రగుడ్డ కడతారు. వంద రాత్రులు అక్కడ వల పడకూడదు, గాలం పడకూడదు, మనిషి కాలు తడవకూడదు. తడిసిందా, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఆ వంద రాత్రులూ మూసిన నీళ్ళే పోయినవాడి ఇల్లు. నూరో రోజు ఊరంతా అక్కడ వలలు వేసి, పట్టిన చేపలు కలిసి కూర్చుని తింటారు. తిన్నాక కన్నతల్లి నీళ్ళ అంచున నిలబడి "ఇక వెళ్ళు" అని చెప్పాలి. తల్లి లేకపోతే భార్య చెప్పాలి. అప్పుడే ఆ మనిషి లేచి తన దారిన వెళ్ళగలడు. మా పాస్టరు గారికి ఈ మాటలు గిట్టవు. అయినా నూరోనాటి విందులో ముందు వరస చాప ఆయనదే.

మా ఇంట్లో సకియాసి పడుకునే చాప రోజూ తెల్లారేసరికి తడిగా ఉండేది. "కప్పు కారుతోందే" అనేది అత్తయ్య. వాన పడి మూడు వారాలైంది. ఆ చాపను ఆవిడే తీసుకెళ్ళి ఎండలో వేసేది, ఆరాక ఉప్పు చారలు అరచేత్తో దులిపేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఒక్కసారి మాత్రం, నా వైపు చూడకుండా, "వాడికి తడి బట్టలంటే చిన్నప్పటి నుంచీ పడదు" అంది.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఎక్కడున్నాడో తెలియాలి. పాటు నీటితో బయటి సముద్రంలోకి పోయాడని అందరూ తేల్చేశారు. గండి పక్కన నీళ్ళ అడుగున రాతి అరుగు ఒకటుంది, దాని కిందే ఉన్నాడని నాకు అనిపించేది. అనిపించడం కాదు, ఒళ్ళంతా అదే చెప్పేది. కానీ నేను దిగకూడదు. మా ఊళ్ళో ఎవరూ దిగరు. అరవై ఎనిమిది రోజులు ఒడ్డున కూర్చుని ఆ ఎర్రగుడ్డ వైపు చూస్తూ పిచ్చెక్కిపోయాను. అలాంటి సమయంలో బ్రాన్విన్ తన నీటి కళ్ళద్దాలూ ఊపిరి గొట్టమూ తీసి మా దండెం మీద ఆరేసింది.

ఆవిడ తెచ్చిన వాటిలో యంగోనా వేళ్ళ కట్ట కూడా ఉంది, మేం నూరి నీళ్ళల్లో కలుపుకుని తాగే మొక్క వేళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరి పెద్దల ముందు అది పెట్టాలి. ఊరి తరఫున మాట్లాడేవాడు దాన్ని అందుకుని, చేతులు డొప్ప చేసి చప్పట్లు కొట్టి నాలుగు మాటలు చెప్తాడు. ఆ క్షణం నుంచి వచ్చినవాళ్ళు మా ఊరి బిడ్డలు. మా కట్టుబాట్లన్నీ వాళ్ళకూ వర్తిస్తాయి, మా అండా వాళ్ళకు ఉంటుంది.

నా బుర్ర అక్కడే వంకరగా పనిచేసింది. కట్ట పెట్టని మనిషి ఊరి మనిషి కాదు. ఊరి మనిషి కాకపోతే తంబు ఆవిడను పట్టదు. ఆవిడ ఆ నీళ్ళల్లో దిగడమూ ఒక చేప ఈదుకుంటూ పోవడమూ ఒకటే. లెక్క చెడదు. ఏ లాయరూ ఇంత చక్కగా ఆలోచించి ఉండడు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

"ఈ సాయంత్రమే కట్ట ఇచ్చేద్దామా?" అని అడిగింది బ్రాన్విన్. "అనుమతి లేకుండా ఊళ్ళో తిరగడం నాకు ఇష్టం లేదు."

"మా తరఫున మాట్లాడే ఆయనకు పంటినొప్పండీ" అన్నాను. "ఆస్పత్రికి వెళ్ళారు. రెండు రోజులు ఆగాలి. అందాకా కట్ట నా దగ్గర ఉంచండి."

పంటినొప్పి ఉన్నట్టు పాపం ఆయనకే తెలియదు. ఆయన పేరు నెమని, నాకు మేనబావ. మర్నాడు మా గుమ్మం ముందు నిలబడి బ్రహ్మాండంగా చెరకు నములుతున్నాడు.

"ఏం మరదలా, మీ తెల్లావిడ యంగోనా తేలేదా? లేకపోతే నువ్వే నూరుకుని తాగేశావా?"

"తాగితే నీకు చెప్పి తాగుతానా బావా? పడవలో తడిసింది, ఎండబెడుతున్నా."

"ఎండబెట్టు, ఎండబెట్టు. మీ ఆయన పోయాక నీ నోరు కూడా ఎండిపోయిందేమో అని భయపడ్డా. పర్లేదు, బానే ఉంది."

మా ఇద్దరికీ పుట్టినప్పటి నుంచీ ఇదే వరస, ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే ఊరివాళ్ళు జబ్బు చేసిందా అని అడుగుతారు. ఆ రోజు నేను కూడా నవ్వాను. కట్ట మా వంటింట్లో పిండి డబ్బాలో ఉంది.

శనివారం పొద్దున మగవాళ్ళంతా తోటలకు వెళ్ళారు. నేను చిన్న పడవ తోసి బ్రాన్విన్‌ను ఎక్కించుకున్నాను. గట్టు దగ్గర పడుతుండగా ఆవిడ ఆ కర్ర వైపు చూసింది.

"ఆ ఎర్రగుడ్డ ఏంటి? అటు వెళ్ళకూడదనా?"

"పడవలకు గుర్తండీ. రాళ్ళున్నాయని."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నేను మాత్రం కర్రకు ఇవతలే తెడ్డు ఆపేశాను. గండి పక్కన రాతి అరుగు ఉంటుందనీ, దాని కింద చాలా అందంగా ఉంటుందనీ, కాస్త లోపలికి తొంగి చూడమనీ చెప్పాను. ఆవిడ పగడాలకు కాలు తగలకుండా మెల్లగా నీళ్ళల్లోకి జారింది. గొట్టం కొన నీళ్ళ మీద కదులుతూ గండి వైపు వెళ్ళింది.

అప్పుడు తట్టింది నాకు రెండో సగం. కట్ట పెట్టని మనిషికి మా కట్టుబాట్లు లేనట్టే మా అండా లేదు. అక్కడ ఏది ఆవిడ కాలు పట్టుకున్నా, ఇది మా బిడ్డ, వదిలేయి అనే హక్కు ఊళ్ళో ఎవరికీ లేదు. నాకూ లేదు. కేక వేద్దామంటే ఎవరికి వినిపిస్తుంది? గొట్టం కొన మునిగింది. తేలింది. మళ్ళీ మునిగింది. ఎండ మాడ్చేస్తోంది. ఆ కాసేపట్లో, దేవుడు సాక్షిగా, సకియాసి కనిపించాలనీ ఒద్దనీ రెండూ కోరుకున్నాను.

ఆవిడ తిరిగి వచ్చింది. పడవ అంచు పట్టుకుని చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. లోపలికి లాగాక కళ్ళద్దాలు తీసి నా మొహంలోకి చూసింది.

"అక్కడ కాపలా మనిషి ఉన్నాడని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు?" అన్నాను.

"ఒకాయన. అరుగు కింద కూర్చున్నాడు. కళ్ళద్దాలు లేవు, గొట్టం లేదు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. రమ్మని కాదు. పిల్లల్ని పొమ్మన్నట్టు." ఆవిడ చెయ్యి ఊపి చూపించింది. "నేను మూడుసార్లు ఊపిరికి పైకొచ్చి మళ్ళీ చూశాను. మూడుసార్లూ అక్కడే ఉన్నాడు. మీవాళ్ళు ఊపిరి ఎంతసేపు బిగబడతారు ఉలమీలా?"

"ఎలా ఉన్నాడు?"

"అలిసిపోయినట్టున్నాడు. రేవులో మూట సర్దుకుని పడవ కోసం కూర్చుంటారే, అలా."

నేను తెడ్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది. కాసేపయ్యాక ఎర్రగుడ్డ వైపు చూసి, "అది పడవల గుర్తు కాదు కదా" అంది.

అప్పుడు చెప్పాను. తంబు సంగతి, సకియాసి సంగతి. పంటినొప్పి సంగతీ, నేనే కావాలని పంపానన్న సంగతీ మాత్రం మింగేశాను. గుడ్డ దేనికో నాకు సరిగా గుర్తు రాలేదన్నట్టు నసిగాను. ఆవిడ నమ్మింది.

"నేను చెప్పేయాలి" అంది. "ఈ రోజే. మీ పెద్దల ముందు."

"ఎవరూ చూడలేదండీ. సోమవారం మీ పడవ వస్తుంది, వెళ్ళిపోతారు."

"నేను వెళ్ళిపోతాను, మీరు ఇక్కడే ఉండాలి కదా" అంది ఆవిడ. "ఒకరి ఇంట్లో ఏదో పగలగొట్టి చెప్పకుండా పోలేను."

ఆ సాయంత్రం పెద్దల పాకలో ఊళ్ళో సగం మంది మొగలి చాపల మీద కూర్చున్నారు. అత్తయ్య కూడా గోడకు ఆనుకుని కూర్చుంది. బ్రాన్విన్ మోకాళ్ళ మీద ముందుకు జరిగి యంగోనా కట్ట పెట్టింది. దాని మీద ఇంకా కాస్త పిండి ఉంది. తల వంచుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మూసిన నీళ్ళల్లోకి దిగాననీ, అడగకుండా దిగడం పూర్తిగా తన తప్పేననీ, ఏమీ తాకలేదు, ఏమీ తీసుకోలేదు కానీ అది సాకు కాదనీ, క్షమించమనీ. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

అక్కడ ఇంగ్లీషు బాగా వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. అందరూ నా వైపు తిరిగారు.

"ఏమంటోంది మరదలా?" అన్నాడు నెమని.

"మన దీవి చాలా బాగుందంటోంది బావా."

నెమని ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బాగుందని ఇంతగా ఏడుస్తోందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. బ్రాన్విన్‌కు మాటలు అర్థం కాలేదు. తన క్షమాపణ ఊరికి చేరిందనుకుని నా వైపు తిరిగి, చెప్పినందుకు థాంక్స్ అన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం నేను తట్టుకోలేకపోయాను. లేచి నిలబడి అంతా చెప్పేశాను. ఆవిడ అన్నదీ చెప్పాను, ఆవిడకు తెలియనిదీ చెప్పాను. కట్ట దాచింది నేను. గుడ్డ గురించి అబద్ధమాడింది నేను. ఆవిడను పంపింది నేను, అరుగు కింద చూడమన్నది నేను. ఆయన అక్కడ ఉన్నాడనీ చెప్పాను.

నెమని కట్ట మీది పిండిని వేలితో దులిపాడు. తర్వాత డొప్ప చేతులతో చప్పట్లు కొట్టి దాన్ని అందుకున్నాడు. "ఈ బిడ్డ తెలియక చేసింది. ఇప్పుడు మన బిడ్డ. ఆవిడ మీద ఏ దోషమూ లేదు" అన్నాడు. నా వైపు తిరిగినప్పుడు మరదలా అని పిలవలేదు. "ఉలమీలా, నువ్వు అనుకున్నది తప్పు. నీళ్ళకు ఎవరి కాలైనా కాలే. లెక్క రేపు ఒకటి నుంచి."

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్ద నిట్టూర్పు లేచింది. ఇంకో ముప్ఫై రోజులు ఓపిక పడితే చాలనుకున్నవాళ్ళకు మళ్ళీ వంద. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చే దారిలో అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఎలా ఉన్నాడందే ఆవిడ?"

"అలిసిపోయినట్టున్నాడంట అత్తయ్యా. పడవ కోసం కూర్చున్నవాడిలా."

"అవును మరి. వెళ్ళాల్సినవాడు." ఆవిడ గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. "ముప్ఫై రోజులే కదా, ఎలాగో ఉందామనుకున్నానే. వాణ్ణి పంపేదాకా నన్ను ఉంచమని రోజూ దేవుణ్ణి అడుగుతున్నా. ఇంకో వందంటే నాకు మాటివ్వడం చేతకాదు."

ఆ మాటకు ఎవరైనా కుప్పకూలిపోవాలి. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయిన మాట నిజం. కానీ ఆ సిగ్గు కింద ఇంకోటి కదిలింది. ఇంకా వంద రాత్రులు ఆయన ఇక్కడే, నా కంటికి కనిపించే నీళ్ళల్లోనే. అది సంతోషం. వేరే పేరు పెట్టి తప్పించుకోవాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

అత్తయ్య తలెత్తి నా మొహం చూసింది. "నవ్వుతున్నావా?" అంది.

లేదని అన్నాను.

కొత్త లెక్కలో నలభై మూడో రోజున అత్తయ్య పోయింది. జ్వరమూ లేదు, నొప్పీ లేదు, పొద్దున లేవలేదు అంతే. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ఆవిడ మొహం ఏదో పని సగంలో వదిలేసినవాళ్ళ మొహంలాగే ఉంది. కొడుకుకు చెప్పాల్సిన మాట ఆవిడ నోట్లోనే ఉండిపోయింది.

నూరో రోజు వలలు చిరిగేంత చేప పడింది. మళ్ళీ నెమని నన్ను మరదలా అన్నాడు. పాస్టరు గారు ముందు వరసలో కూర్చుని తృప్తిగా తిన్నారు. తర్వాత అందరూ ఒడ్డుకు వచ్చి నా వెనక నిలబడ్డారు. తల్లి లేదు కాబట్టి చెప్పాల్సింది నేనే. నేను మోకాళ్ళ దాకా నీళ్ళల్లోకి నడిచాను. గండి వైపు తిరిగి నోరు తెరిచాను. పెదవులు కదిలించాను. శబ్దం రానివ్వలేదు.

నా వీపే కదా వాళ్ళకు కనిపించేది. చెప్పాననుకున్నారు. ఏడ్చారు, పాట పాడారు, కర్ర పీకేశారు.

అప్పటి నుంచి ఆ గండిలో దిగినవాడు రెండోసారి దిగడు. పైకి వచ్చి ఏం చూశావంటే చెప్పడు. ఆ తెల్లావిడ వచ్చి పోయాకే కదా అంటారు మావాళ్ళు. నేను చాప మీది నుంచి లేచి వెళ్ళిపోతాను.

క్రిస్మస్‌కు బ్రాన్విన్ ఉత్తరం రాసింది. తన బడిపిల్లలకు మా ఊరి గురించి చెప్పిందట, ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ఊరివాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పినట్టే నడుచుకోవాలని నేర్పుతోందట. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న. ఆయన వెళ్ళగలిగారా?

హాయిగా వెళ్ళిపోయారని రాశాను. ఆవిడ నమ్మి ఉంటుంది. నేను ఏం చెప్పినా నమ్మిన మనిషి.